హైలైట్ గోడ: మన డెల్టా ఇళ్లలో అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి దగ్గరపడినా, మాఘమాసంలో గృహప్రవేశం పెట్టుకున్నా మాకు వచ్చే ఫోన్లలో తరచూ వినపడే మాట ఒకటుంది: "హాల్లో ఒక్క గోడ హైలైట్ చెయ్యాలండి, ఫొటో వాట్సాప్‌లో పెట్టాను." అంటే ఆ ఒక్క గోడకే వేరే రంగో, ప్యానెలో వేసి కంటికి ఆనేలా చెయ్యడం. ఆ ఫొటోలో ఉండేది ఏ బెంగళూరు అపార్ట్‌మెంట్లోనో పదో అంతస్తు గోడ. మన ఇల్లేమో కాలువ గట్టు పక్కనో, చేను పక్కనో, భీమవరం, ఆకివీడు వైపయితే రొయ్యల చెరువు పక్కనో ఉంటుంది. రంగు సంగతి తర్వాత, ముందు ఆ గోడ పొడిగా ఉందో లేదో చూడాలి. పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల పనులు చేసేటప్పుడు వినే మాటలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: నిమ్ము ఉన్న గోడకి ప్యానెల్ కొట్టేస్తే సరి

అన్నింటికన్నా ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ఇటుకలో, సిమెంటులో కంటికి కనపడని సన్నటి దారులుంటాయి. పునాది దగ్గర నేల తడిగా ఉంటే ఆ దారుల గుండా నీరు పైకి పాకుతుంది, మామూలుగా మూడడుగుల దాకా. ఆ నీరు గోడ మీద నుంచి ఆరిపోతుంది గానీ, అందులో కరిగి వచ్చిన ఉప్పు గోడలోనే మిగిలిపోతుంది. రంగు పొక్కులు లేవడం, లప్పం పిండిలా రాలడం ఆ ఉప్పు గట్టిపడి ఉబ్బడం వల్లే. పైగా ఆ ఉప్పుల్లో కొన్ని గాలిలోని తేమని కూడా లాక్కుంటాయి. అందుకే పునాది తడి ఆగిపోయాక కూడా ముసురు పట్టిన రోజున ఆ మచ్చ మళ్లీ నల్లబడుతుంది.

అలాంటి గోడని పీవీసీ ప్యానెల్‌తో మూసేస్తే ఏమవుతుంది? ఆరే దారి లేక నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. ప్యానెల్‌కి ఏమీ కాదు, నిజమే. వెనకాల కొట్టిన చెక్క రీపర్లకి (సన్నటి బద్దలకి) చెదలు పడతాయి. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే బోర్డు) అయితే అంచుల దగ్గర ఉబ్బి గుల్లవుతుంది. గమ్‌తో అంటించిన ప్యానెల్ అయితే అది పట్టుకున్నది గోడని కాదు, లప్పాన్ని. లప్పం ఊడిన రోజున ప్యానెల్ కూడా దానితోపాటు కిందికి వస్తుంది.

వాటర్‌ప్రూఫ్ పెయింట్ కూడా ఇంతే. అది బయట నుంచి వచ్చే జల్లుని ఆపుతుంది గానీ, లోపలి నుంచి వచ్చే నీటిని ఆపలేదు.

సరైన పని కాస్త ఓపికతో కూడుకున్నది. గోడ అడుగున నాలుగైదు అంగుళాలకి ఒక రంధ్రం పెట్టి, నీటిని పైకి రానివ్వని సైలేన్ క్రీమ్ ఎక్కించాలి. ఉప్పు తేలిన గీత కన్నా ఇంకో అడుగు పైదాకా పాత ప్లాస్టరింగ్ చెక్కేసి కొత్తది వెయ్యాలి. ఉప్పుని పొడి బ్రష్‌తో దులపాలి, నీళ్లతో కడగకూడదు. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఆ తర్వాత గోడ ఆరడానికి అంగుళం మందానికి నెల చొప్పున లెక్కేసుకోండి. తొమ్మిదంగుళాల గోడకి తొమ్మిది నెలలు. ఈ మాట చెప్పగానే చాలామంది వేరే గోడ చూపిస్తారు. అదీ మంచిదే.

అపోహ: మే నెలలో చూశాం, గోడ ఎండిపోయి ఉంది

వేసవిలో కాలువలు కట్టేస్తారు, చేలు బీటలు తీస్తాయి, నేలలో నీటిమట్టం కిందికి దిగుతుంది. అప్పుడు ఏ గోడైనా బుద్ధిగానే ఉంటుంది. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలి, ఊడ్పులయ్యి, శ్రావణం వచ్చేసరికి అసలు సంగతి బయటపడుతుంది. పరీక్ష చెయ్యాల్సింది ఆగస్టు, సెప్టెంబరుల్లో. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న దళసరి ప్లాస్టిక్ కాగితాన్ని నేలకి అడుగు ఎత్తులో గోడకి పెట్టి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేసి ఒక రోజు వదిలెయ్యండి. కాగితానికి గోడ వైపు చెమ్మ పడితే నీరు గోడలో ఉంది. గది వైపు చెమ్మ పడితే అది గాలిలో తేమ, కిటికీలు తెరిస్తే చాలావరకు తగ్గుతుంది.

మేడ మీది గదులకి భూమి నుంచి వచ్చే ఈ నిమ్ము బాధ లేదు. అక్కడ చూసుకోవాల్సింది వెనకాల బాత్రూమ్ ఉందా, తుపాను రోజుల్లో జల్లు తిన్నగా కొట్టే గోడా అన్న రెండే.

అపోహ: టీవీ ఉన్న గోడే హైలైట్ గోడ

గుమ్మం దాటి లోపలికి రాగానే కన్ను ఎక్కడ ఆగుతుందో అదే హైలైట్ గోడ. మన హాళ్లలో టీవీ గోడకి ఒక పక్క పూజగది తలుపు, ఇంకో పక్క వంటింటి గుమ్మం ఉంటాయి. మిగిలిన ముక్కకి ముదురు రంగు వేస్తే అతుకు వేసినట్టుంటుంది. తలుపులు, కిటికీలు తక్కువున్న గోడని చూసుకోండి. వాస్తు ప్రకారం ఫలానా దిక్కుకి ఫలానా రంగు అంటారా, మీ నమ్మకం మీది, నేను వాదించను. ఆ రంగులోనే నాలుగు ఛాయలు చూపిస్తాను.

అపోహ: చిన్న గదికి ముదురు రంగు పనికిరాదు

పొడవుగా, ఇరుగ్గా ఉన్న గదిలో చివరి గోడకి ముదురు రంగు వేస్తే ఆ గోడ దగ్గరకొచ్చినట్టు కనిపించి గది కొలతలు కుదురుతాయి. పొడవు గోడకి వేస్తే మాత్రం గది ఇంకా ఇరుకనిపిస్తుంది. అసలు చిక్కు వెలుగుతో. కోనసీమలో ఇంటి చుట్టూ కొబ్బరి తోట ఉంటే కిటికీలోంచి వచ్చే వెలుగులో పచ్చదనం కలుస్తుంది. షాపులో ట్యూబ్‌లైటు కింద ఎర్రగా మెరిసిన ఇటుక రంగు ఆ వెలుగులో మట్టిగొట్టుకున్నట్టు కనిపిస్తుంది. చిన్న శాంపిల్ డబ్బా కొని, పెద్ద అట్టముక్కకి రెండు కోటింగులు వేసి, అదే గోడకి ఆనించి పొద్దున, సాయంత్రం, రాత్రి లైట్లు వేశాక చూడండి. షేడ్ కార్డు మీది గోరంత ముక్క చూసి నిర్ణయించొద్దు.

అపోహ: ఒక్క గోడే కదా, ఎంతవుతుంది?

గోడ చిన్నదే, పని చిన్నది కాదు. ముదురు రంగులు కలిపే బేస్‌లో (మూల పెయింటులో) తెల్ల పిగ్మెంట్ తక్కువ, అందుకే అడుగు రంగుని అవి త్వరగా కప్పలేవు. ఎరుపు, పసుపు మరీ మొండివి. తెల్ల ప్రైమర్ మీద మూడు నాలుగు కోటింగులు లాగే బదులు బూడిద రంగు ప్రైమర్ కొట్టించండి, ఎరుపుకీ నీలానికీ ఒక కోటింగ్ మిగులుతుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులు సిమెంటుని గట్టిపడనిచ్చి, ఆపైన పూర్తిగా ఆరాకే రంగు. ముహూర్తం తోసుకొస్తోందని పచ్చి గోడ మీద వేస్తే సిమెంటులోని క్షారం రంగుని తినేస్తుంది, మచ్చలు మచ్చలుగా వెలిసిపోతుంది. అలాంటప్పుడు గృహప్రవేశానికి లేత రంగు ఒక కోటింగ్ వేసుకుని, హైలైట్ పని వేసవికి వాయిదా వేసుకోమంటాను.

పైనుంచి గోడని ఆనుకుని పడే లైట్లు పెట్టించేవాళ్లకి ఒక మాట. ఆ వెలుగు గోడని రాసుకుంటూ దిగుతుంది కాబట్టి మేస్త్రి చేతి ఎగుడుదిగుళ్లన్నీ నీడలతో సహా బయటపడతాయి. లప్పం పట్టేటప్పుడే టార్చిలైటు గోడకి ఆనించి ఎమరీ పేపర్ తోమించండి.

అపోహ: హైలైట్ అంటే రంగో, ప్యానెలో

ఏం, నరసాపురం లేసు లేదా? 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు వస్తువని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. పాత ఉప్పాడ జాందానీ చీర పెట్టెలో మడతల దగ్గర చిరుగుతుంటే దాని కొంగుని ఫ్రేమ్ కట్టించండి. నా మటుకు నాకు చార్‌కోల్ ప్యానెల్ కన్నా ఇదే ముద్దు. ఒక్కటే జాగ్రత్త: బట్ట అద్దానికి అంటుకోకూడదు. మన తేమకి అద్దం లోపల చెమ్మ పట్టి బట్ట మీద బూజు మచ్చలొస్తాయి. రెండింటి మధ్య పావంగుళం ఖాళీ ఉంచమనండి.

అపోహ: టేపు వేస్తే గీత తిన్నగా వచ్చేస్తుంది

రాదు. గోడ గరుకుకి టేపు కింద సందులుంటాయి, ముదురు రంగు అందులోకి పాకి అంచు రంపంలా తయారవుతుంది. టేపు వేసి అంచుని వేలితో గట్టిగా రుద్దండి. ముందు పక్క గోడ రంగునే టేపు అంచు మీద పల్చగా పూయండి. పాకేది ఆ రంగే కనుక అది కనపడదు, సందులూ మూసుకుంటాయి. అది ఆరాక ముదురు రంగు వెయ్యండి. చివరి కోటింగ్ తడి పూర్తిగా ఆరకముందే టేపుని వెనక్కి మడిచి, ఏటవాలుగా, మెల్లగా లాగాలి. మర్నాటి దాకా ఉంచితే రంగు కూడా పెచ్చులా టేపుతో లేచి వస్తుంది.