ఛాతీ పైభాగంలో గడ్డ: ఎక్స్‌రే క్లియర్ అంటే నిశ్చింత కాదు

అపోహ: "ఛాతీ ఎక్స్‌రే క్లియర్. భుజం నొప్పి నరాలదే."

ఈ ఒక్క మాటతో నెలలు పోతున్నాయి. ఊపిరితిత్తి పై కొన మీద కాలర్ బోన్, మొదటి పక్కటెముక అడ్డంగా పడతాయి. అక్కడి పాన్‌కోస్ట్ గడ్డ (ఊపిరితిత్తి పై కొనలో వచ్చే క్యాన్సర్) మొదట్లో ఎక్స్‌రేలో కాస్త మందమైన తెల్లటి అంచులాగే ఉంటుంది, "పాత టీబీ మచ్చ" అని వదిలేస్తారు. దగ్గు ఉండకపోవచ్చు. నొప్పి మాత్రం భుజం నుంచి చేయి లోపలివైపుగా చిటికెన వేలిదాకా దిగుతుంది. మెడ అరుగుదలని ఫిజియోథెరపీ, ఫ్రోజెన్ షోల్డరని ఇంజెక్షన్ నడుస్తుంటాయి. పొగతాగేవాళ్లకి ఈ నొప్పి వారాలైనా తగ్గకపోతే, అటువైపు కనురెప్ప వాలితే, కంటిపాప చిన్నదైతే, వేళ్ల మధ్య కండ తగ్గితే సీటీ వాయిదా వేయకండి.

సీటీ కూడా పద్ధతిగా తీయాలి. భుజం ఎముకల వల్ల చారలు పడేది సరిగ్గా ఇక్కడే, అందుకే చేతులు తలపైకి పెట్టమంటారు. నొప్పితో ఎత్తలేకపోతే టెక్నీషియన్‌కి ముందే చెప్పండి. కాంట్రాస్ట్ (చిత్రం స్పష్టంగా రావడానికి సిరలోకి ఎక్కించే మందు) సూది గడ్డ లేనివైపు చేతికి వేయించుకోవాలి, లేకపోతే సిరలోని చిక్కటి మందు చారలు గడ్డ మీదే పడతాయి. 1 మి.మీ. స్లైసులు, నిలువు కోతల చిత్రాలు ఉంటేనే గడ్డ పక్కటెముకను ఎంత తినేసిందో తెలుస్తుంది. ఫిల్ములు చాలవు, సీడీ అడిగి తీసుకోండి. చేతి నరాల గుచ్ఛంలోకి, వెన్ను కాలువలోకి పాకిందా అన్నది ఎంఆర్ఐలో మెరుగ్గా తెలుస్తుంది.

అపోహ: "పైన నీడ ఉంటే టీబీయే."

మన దగ్గర టీబీ ఎక్కువ, అనుమానం సహజమే. ముందు తెమడ సీబీనాట్‌కి (టీబీ క్రిమి జన్యువుని పట్టే పరీక్ష) ఇవ్వండి. నెగటివ్ వస్తే ఊరికే మందులు మింగుతూ కూర్చోవద్దు. టీబీ కూడా ఎముకను తినగలదు కాబట్టి సీటీ ఒక్కటే తేల్చదు, సూదితో గడ్డ నుంచి చిన్న ముక్క తీయాల్సిందే (బయాప్సీ). ఒక ముక్క ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) పాథాలజీకి, ఇంకొకటి సెలైన్‌లో టీబీ కల్చర్‌కి (క్రిములను పెంచి చూసే పరీక్ష) వెళ్లాలి. అన్నీ ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చచ్చిపోతాయి, కల్చర్ రాదు, మళ్లీ సూది తప్పదు.

అపోహ: "సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది."

భయం అర్థమవుతుంది, కానీ అది చాలా అరుదు. ఎక్కువగా చూసే ఇబ్బంది ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం. చాలామందికి దానంతటదే తగ్గుతుంది, కొందరికి ట్యూబ్ వేస్తారు. అందుకే కొన్ని గంటలు ఆసుపత్రిలో ఉంచి ఎక్స్‌రే తీస్తారు. ఇంటికెళ్లాక ఆయాసం వస్తే వెంటనే తిరిగి రావాలి.

రొయ్యలు పడనివాళ్లకి కాంట్రాస్ట్ పడదన్నది వట్టి మాట. ఇంతకుముందు కాంట్రాస్ట్‌కే దద్దుర్లు వస్తే మాత్రం తప్పక చెప్పాలి. షుగర్, కిడ్నీ జబ్బు ఉంటే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) రిపోర్టు తెచ్చుకోండి. మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడెక్కి మూత్రం వచ్చినట్టు అనిపిస్తుంది, అది రియాక్షన్ కాదు. అప్పుడు కదిలితే చిత్రం చెదిరిపోతుంది.