కొడుకు ఇంట్లో ఉంటే ఒక కోత, వెళ్తే ఇంకో కోత

ప్రభుత్వ సాయం మొదటి ఇద్దరు పిల్లలకే ఇచ్చే పరిమితిని 2026 ఏప్రిల్ నుంచి ఎత్తేస్తామని బ్రిటన్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు. మరి ఇంట్లో గది ఎక్కువుంటే అద్దె సాయం కోసే బెడ్‌రూమ్ ట్యాక్స్ సంగతేమిటన్న ప్రశ్న ఆ వెంటే మళ్లీ లేచింది. రెండూ కన్సర్వేటివ్‌ల హయాంలో వచ్చిన పొదుపు కోతలే. ఒకటి పోతోంది, రెండోది అంగుళం కూడా కదల్లేదు. ఎదిగిన కొడుకో కూతురో ఇల్లు విడిచి వెళ్లగానే తల్లికి అందే అద్దె సాయం తగ్గిపోయేది ఈ రెండోదాని వల్లే.

హౌసింగ్ బెనిఫిట్ అనే ఈ అద్దె సాయం ఎలా పుట్టింది, ఎవరికిస్తారు అన్న పాత కథ ఇక్కడ అక్కర్లేదు. ఇప్పటి గొడవ అర్థం కావడానికి ఒక్క రోజు చూస్తే చాలు: 2010 జూన్ 22. కన్సర్వేటివ్‌ల నాయకత్వంలోని సంకీర్ణ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ తొలి బడ్జెట్ పెట్టిన రోజు. అద్దె సాయం ఖర్చు పదేళ్లలో 1,400 కోట్ల పౌండ్ల నుంచి 2,100 కోట్లకు పెరిగిందని ఆయన సభలో చెప్పారు. వ్యాట్‌ను 20 శాతానికి పెంచిన బడ్జెట్ అది, కాబట్టి అందరి కళ్లూ దాని మీదే. అద్దె సాయానికి సంబంధించిన రెండు నిర్ణయాలు ఆ సందడిలో పెద్దగా ఎవరికీ ఆనలేదు. విడివిడిగా చూస్తే రెండింటికీ ఏదో ఒక తర్కం ఉంది. కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

మొదటిది, ఇంట్లోనే ఉంటున్న పిల్లల గురించి. 18 దాటిన కొడుకు తల్లితో ఉంటే, అతను అద్దెకు కొంత ఇస్తున్నాడని ప్రభుత్వం అనుకుంటుంది, ఆ మేరకు తల్లి సాయంలో కోసేస్తుంది. నిజంగా ఇస్తున్నాడా అని ఎవరూ అడగరు. విద్యార్థులకూ మరికొందరికీ మినహాయింపు ఉంది. ఈ కోత రేట్లను లేబర్ ప్రభుత్వం 2001 నుంచి పెంచకుండా ఉంచింది. ఆస్బోర్న్ ఆ తాళం తీసి, ఆగిపోయిన పదేళ్ల పెంపును 2011 నుంచి మూడు విడతల్లో వసూలు చేశారు. తక్కువ ఆదాయం ఉన్న కొడుకు మీద వారానికి 7.40 పౌండ్లు ఉన్న కోత 2013 ఏప్రిల్ నాటికి 13.60 అయింది. బాగా సంపాదించేవాడి మీద 47.75 ఉన్నది 87.75కి చేరింది.

ఆంధ్రప్రదేశ్‌లో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ పుణ్యమా అని, కొడుకు ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతున్నాడంటూ తల్లి పింఛను ఆగిన ఇళ్లను చూసినవాళ్లకు ఈ లెక్క కొత్తగా అనిపించదు. అక్కడ కొడుకు పేరు విడదీయించుకోగలిగితే ఊపిరి పీల్చుకోవచ్చు. బ్రిటన్‌లో పేరు తీసేసిన మరుక్షణం రెండో నిర్ణయం ఎదురొస్తుంది.

ఆ రెండోది: స్థానిక సంస్థలైన కౌన్సిళ్ల ఇళ్లలో, లాభాపేక్ష లేని హౌసింగ్ అసోసియేషన్ ఇళ్లలో అద్దెకుండే పని వయసువాళ్లకు 2013 ఏప్రిల్ నుంచి కుటుంబం సైజును బట్టే సాయం. ఒక గది ఎక్కువుంటే లెక్కలోకి వచ్చే అద్దెలో 14 శాతం కోత, రెండు లేదా అంతకు మించితే 25 శాతం. దంపతులకు కలిపి ఒకటి, 16 నిండిన మిగతా ప్రతి ఒక్కరికీ విడిగా గది లెక్క కడతారు. అంటే కొడుకు ఉన్నంతకాలం ఆ గది అతనిది, వెళ్లిపోతే ‘ఖాళీ’. ప్రభుత్వ కాగితాల్లో దీని పేరు స్పేర్ రూమ్ సబ్సిడీ తొలగింపు. జనం నోట్లో ట్యాక్సే.

ఒక లెక్క వేద్దాం. రెండు పడకగదుల కౌన్సిల్ ఫ్లాట్, వారానికి 90 పౌండ్ల అద్దె, తల్లీ కొడుకూ. పాతికేళ్ల కొడుకు ఏవో కొద్ది గంటల పని చేసుకుంటూ ఇంట్లోనే ఉంటే 2013లో ఆమెకు తగ్గేది 13.60. అతను వేరే ఊరు వెళ్లిపోతే 12.60. మంచి జీతగాడు వెళ్తే కోత చాలా తగ్గుతుంది, నిజమే. కాకపోతే అతని జీతం కూడా అతనితోనే వెళ్తుంది.

ప్రభుత్వ వాదన కూడా చెప్పుకోవాలి. ఇరుకు ఇళ్లలో అవస్థ పడుతున్న కుటుంబాలు వెయిటింగ్ లిస్టులో ఉండగా కొందరి గదులు ఖాళీగా ఉన్నాయి, ప్రైవేటు అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకు 2008 నుంచి ఇదే సూత్రం లేబరే అమలు చేసింది కదా అన్నారు. రెండో మాటకు లేబర్ దగ్గర గట్టి జవాబు లేదు.

మొదటి మాటే క్షేత్రంలో నిలబడలేదు. చిన్న ఇంటికి మారమన్నారు సరే, చిన్న ఇళ్లేవి? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కౌన్సిళ్లు కట్టినవి ప్రధానంగా కుటుంబాల కోసం. ప్రభుత్వమే వేయించిన మదింపు ప్రకారం తొలి ఆరు నెలల్లో చిన్న ఇంటికి మారినవాళ్లు 5 శాతం లోపే. మిగతావాళ్లు తిండి ఖర్చు తగ్గించుకున్నారు, అప్పు చేశారు, లేదా అద్దె బాకీ పడ్డారు.

అసలు పడకగది అంటే ఏమిటో కూడా నిబంధనల్లో రాయలేదు. ఒక మంచం, దాని పక్కన తలుపు సగమే తెరుచుకునే బీరువా, ఇంక నిలబడే చోటు ఉండదు. బాక్స్ రూమ్ అంటారు దాన్ని. కౌన్సిల్ రికార్డులో అది కూడా బెడ్‌రూమే. 70 చదరపు అడుగులకన్నా చిన్న గదిని పడకగదిగా లెక్కించరాదని 2013 సెప్టెంబరులో స్కాట్లాండ్‌లోని ఫైఫ్‌లో ఒక ట్రిబ్యునల్ అంది. పై ట్రిబ్యునల్ మాత్రం కొలత ఒక్కటే తేల్చే విషయం కాదంది.

వెళ్లడంలోనూ రకాలున్నాయి. యూనివర్సిటీకి వెళ్లి తిరిగొచ్చే ఉద్దేశం ఉన్న కూతురి గది ఖాళీ కింద లెక్క కాదు. సైన్యంలో చేరి విదేశాల్లో విధుల్లో ఉన్న కొడుకు గదికి కూడా, అమలుకు కొన్ని వారాల ముందు, 2013 మార్చిలో మినహాయింపు ఇచ్చారు. గోడౌన్‌లో ఉద్యోగం దొరికి రెండొందల మైళ్లు వెళ్లినవాడి గదికి అది లేదు. ఇంట్లో మనిషి చనిపోతే హౌసింగ్ బెనిఫిట్‌లో ఏడాది దాకా కోత పడదు. బతుకుతెరువుకి వెళ్తే ఆ గడువు కూడా లేదు.

పింఛను వయసు దాటినవాళ్లను మొదట్నుంచీ వదిలేశారు. కానీ పిల్లలు ఇల్లు విడిచేది సాధారణంగా తల్లికి యాభై అటూ ఇటూగా ఉన్నప్పుడు. పైగా అదే పదేళ్లలో, 2010 నుంచి 2020 లోపు, ఆడవాళ్ల పింఛను వయసు 60 నుంచి 66కి జరిగింది. ఒడ్డు కనిపిస్తుంటే వెనక్కి జరిపినట్టయింది. 2019 మే నుంచి దంపతుల్లో ఒకరే పింఛను వయసు దాటితే, కొత్తగా సాయం కోరేవాళ్లను పని వయసువాళ్లుగానే చూస్తున్నారు.

హౌసింగ్ బెనిఫిట్‌తో సహా పలు సాయాలను ఒకటిగా కలిపిన యూనివర్సల్ క్రెడిట్ వచ్చాక గదుల లెక్క అలాగే అందులోకి దిగింది. ఇంట్లో ఉన్న పిల్లల కోత మాత్రం 21 ఏళ్ల నుంచి మొదలవుతుంది, నెలకు 90 పౌండ్లు దాటింది. పార్ట్‌టైమ్ చేసేవాడికీ మంచి జీతగాడికీ ఒకటే మొత్తం. చనిపోయిన సందర్భంలో ఇచ్చే గడువు అందులో మూడు నెలలే.

గెలిస్తే రద్దు చేస్తామని 2013 సెప్టెంబరులో అప్పటి లేబర్ నేత ఎడ్ మిలిబాండ్ మాటిచ్చారు. 2015లో ఓడిపోయారు. 2024 జులైలో ఆ పార్టీయే అధికారంలోకి వచ్చినా 14, 25 శాతాలు అలాగే ఉన్నాయి. స్కాట్లాండ్ ప్రభుత్వం ఈ కోతను 2014 నుంచి తన డబ్బుతో పూడుస్తోంది, ఉత్తర ఐర్లాండ్‌లోనూ అలాంటి ఏర్పాటే ఉంది. ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో కొడుకు వెళ్లిపోయిన తల్లి ఆ తేడాను తనే కట్టుకోవాలి. సరిహద్దుకు అవతల స్కాట్లాండ్‌లోని డంఫ్రీస్‌లోనూ కోత పడుతుంది, కానీ ఆ మొత్తం కౌన్సిల్ ఇచ్చేస్తుంది. అందుకు ఆమె ఒక ఫారం నింపాలి.