రౌటర్ పెట్టెలో దాగిన వెబ్ సర్వర్: అపోహలు - వాస్తవాలు

వైఫై పాస్‌వర్డ్ మార్చాలంటే బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడతాం. లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. ఆ పేజీని పంపేది రౌటర్ లోపల నడుస్తున్న ఒక బుల్లి వెబ్ సర్వర్. సీసీ కెమెరాల రికార్డర్‌లో, ఆఫీసు ప్రింటర్‌లో, డేటా సెంటర్ యంత్రాల నిర్వహణ చిప్‌లో కూడా అలాంటిదే ఉంటుంది. వాటి పేర్లు బోవా, గోఅహెడ్, లైట్‌టీపీడీ, రామ్‌పేజర్. ఇలాంటి పరికరాల ఫర్మ్‌వేర్‌ను, అంటే పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌ను, విప్పి లోపాలు వెతకడం నా వృత్తి. ఈ పనిలో నేను పదే పదే వినే మాటలు కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: కోడ్ చిన్నది కాబట్టి లోపాలూ తక్కువే ఉంటాయి.

వాస్తవం: కోడ్ తగ్గితే దాడికి చోటు తగ్గే మాట నిజమే. అయితే చిన్న కోడ్‌ను పరిశీలించే కళ్లూ తక్కువే. నాస్ట్రోమో అనే చిన్న సర్వర్ సంగతి చూడండి. వెబ్ చిరునామాలో రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత పెడితే ‘పై ఫోల్డర్‌కు వెళ్లు’ అని అర్థం. అలా వరుసగా పెట్టుకుంటూ పోతే వెబ్‌సైటు ఫోల్డర్ దాటి యంత్రంలోని ప్రోగ్రాముల దాకా చేరవచ్చు. నాస్ట్రోమోలో ఈ దారి 2011లోనే బయటపడింది, దాన్ని మూసేశారు. 2019లో అదే దారి మళ్లీ తెరుచుకుంది. ఈసారి రెండు చుక్కల మధ్య కంటికి కనబడని ఒక అక్షరాన్ని ఇరికించారు: శాతం గుర్తు, సున్నా, డి. అది పాత టైపు మిషన్లలో వరుస మొదటికి వెళ్లమనే సంకేతం. చుక్కలు పక్కపక్కన లేవు కాబట్టి తనిఖీలో పట్టుబడలేదు. తరువాతి అడుగులో సర్వర్ ఆ అక్షరాన్ని తానే తీసేసింది. చుక్కలు రెండూ కలిసిపోయాయి. ఏ పాస్‌వర్డూ లేకుండా బయటివాడు ఆ యంత్రంలో ఆదేశాలు నడపగలిగాడు. ముందు శుభ్రం చేసి, తరువాత తనిఖీ చేసి ఉంటే ఈ గొడవే లేదు.

అపాచీ లాంటి పెద్ద సర్వర్‌లోనూ 2021 అక్టోబరులో ఇలాంటి లోపమే వచ్చింది. మొదటి సవరణ చాలలేదని తేలగానే మూడు రోజుల్లో రెండోది విడుదల చేశారు. నాస్ట్రోమోలో మొదటి సవరణ చాలలేదని తెలియడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

అపోహ: సవరణ విడుదలైంది కదా, ఇక భయం లేదు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ ఇది. రామ్‌పేజర్‌లో కుకీలను (బ్రౌజర్ సర్వర్‌కు పంపే చిన్న సమాచారపు ముక్కలను) చదివే కోడ్‌లో 2002లో ఒక తప్పు దొర్లింది. తయారీదారు 2005లోనే దాన్ని దిద్దాడు. 2014 డిసెంబరులో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు వెతికితే, 189 దేశాల్లో కనీసం 1.2 కోట్ల పరికరాల్లో ఆ పాత తప్పు అలాగే ఉంది. చిప్ తయారీ సంస్థ చిప్‌తో ఇచ్చే సాఫ్ట్‌వేర్ కిట్‌లో పాత వెర్షన్ పెడుతుంది, రౌటర్ సంస్థ ఆ కిట్‌ను యథాతథంగా వాడుతుంది, మనం కొత్త రౌటర్ అనుకుని కొంటాం.

లైట్‌టీపీడీది ఇంకో రకం కథ. 2018లో ఒక మెమరీ లోపాన్ని సరిచేశారు, కానీ అది భద్రతా లోపమని ప్రకటించలేదు, భద్రతా లోపాలకు ఇచ్చే సీవీఈ అనే గుర్తింపు సంఖ్య కూడా అప్పట్లో దానికి ఇవ్వలేదు. సంఖ్య లేనిది ఎవరి జాబితాలోకీ ఎక్కదు. 2024లో బైనార్లీ సంస్థ చూసేసరికి ఇంటెల్, లెనోవో సర్వర్ల నిర్వహణ చిప్‌లలో అది ఇంకా బతికే ఉంది.

బోవా అభివృద్ధి 2005లోనే ఆగిపోయింది. అయినా 2022 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఒక్క వారంలో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న బోవా సర్వర్లను 10 లక్షలకు పైగా గుర్తించింది. మన దేశ విద్యుత్ గ్రిడ్ సంస్థలపై జరిగిన దాడుల జాడ పట్టుకుని వెళ్లినప్పుడు తేలిన విషయమిది. నేను ఒకసారి ఒక కెమెరా రికార్డర్ ఫర్మ్‌వేర్ విప్పాను. దాని మీద తేదీ అప్పటికి ఆరు నెలల కిందటిది. లోపల అక్షరాల్లో వెతికితే ‘బోవా 0.94.13’ అని కనబడింది. తయారీదారుకు రాశాను. ‘అది మా కోడ్ కాదు, చిప్‌తో పాటు వచ్చింది’ అని జవాబిచ్చారు. ఆ రికార్డర్ కొన్న దుకాణదారుకు ఆ మాట ఏం పనికొస్తుంది?

అపోహ: పాస్‌వర్డ్ గట్టిది పెట్టాను.

వాస్తవం: తప్పక పెట్టాలి. కానీ పాస్‌వర్డ్ సరిచూసే ముందే సర్వర్ మనం పంపిన చిరునామానూ కుకీనీ చదవాలి. రామ్‌పేజర్, నాస్ట్రోమో దెబ్బతిన్నది ఆ చదవడంలోనే.

అపోహ: అది ఇంట్లో ఉంది, బయటికి కనబడదు.

వాస్తవం: చాలా రౌటర్లలో ఇంటర్నెట్ సంస్థ దూరం నుంచి నిర్వహించుకోవడానికి 7547 పోర్టు (నెట్‌వర్క్ నుంచి లోపలికి వచ్చే ఒక ద్వారం) తెరిచి ఉంటుంది. రామ్‌పేజర్ ఆ పోర్టు మీద కూడా వినేది. పైగా మీ బ్రౌజర్ ఇంటి లోపలే ఉంది కదా. మీరు తెరిచిన మోసపు పేజీ, మీ బ్రౌజర్ చేతే రౌటర్‌కు ఆదేశం పంపించగలదు.

ఈ వారం ఒక పని చేయండి. రౌటర్ సెట్టింగుల్లో దూర నిర్వహణ అనేది తెరిచి ఉంటే మూసేయండి, ఫర్మ్‌వేర్ తేదీ చూడండి. కెమెరా కొనబోతుంటే, ఎన్నేళ్ల వరకు అప్‌డేట్లు ఇస్తారో బిల్లు కట్టే ముందే రాతపూర్వకంగా అడగండి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఆ గడువు చెప్పడం తయారీదారులకు చట్టప్రకారం తప్పనిసరి.