మీ అమ్మది ఏ ఊరంటే

తెనాలి.

చిన్నికి, బుజ్జిగాడికి అమ్మమ్మ ఆశీర్వదించి రాసేది. మేమిద్దరం కులాసా. తాతయ్య షుగరు అదుపులోనే ఉంది, మామిడిపళ్ళు వచ్చేదాకా ఉంటుందిలే.

మొన్న ఫోన్‌లో బుజ్జిగాడు అడిగాడు కదా, "అమ్మ దుబాయ్‌లోనే పుట్టింది, అక్కడే చదివింది, మరి అమ్మది దుబాయ్ ఎందుకు కాదు?" అని. మీ అమ్మేమో "అమ్మమ్మనడుగు" అని తప్పించుకుంది. ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం. మీకు తెలుగు చదివినట్టూ ఉంటుంది.

అక్కడ పుట్టినంత మాత్రాన ఆ దేశం వాళ్ళయిపోరు. 1993లో మీ అమ్మ పుట్టగానే మన కాన్సులేట్‌కి వెళ్ళి ఇండియా పాస్‌పోర్ట్ తీసుకున్నాం. మెడ కూడా నిలబడని పిల్లకి పాస్‌పోర్ట్ ఫోటో! తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి, కళ్ళు తెరిచేదాకా తాతయ్య గిలక్కాయ ఆడిస్తూ కూర్చున్నారు. ఆ పాస్‌పోర్ట్ మీద వీసా వేయించాలి. తాతయ్యకి కంపెనీ వీసా, మామయ్యకీ అమ్మకీ నాకూ తాతయ్య వీసా. రైలింజను, దాని వెనక మూడు బోగీలు అనుకోండి. మూడేళ్ళకోసారి రెన్యువల్. దగ్గరపడుతుంటే ఇంట్లో టెన్షన్.

1991లో వెళ్ళినప్పుడు "రెండు వీసాలు చూసుకుని వచ్చేద్దాం" అన్నారు తాతయ్య. 26 ఏళ్ళు ఉన్నాం. ఏ వస్తువు కొన్నా "వెళ్ళేటప్పుడు ఏం చేద్దాం" అన్న మాట ముందు వచ్చేది. 21 అంగుళాల టీవీ కొంటే దాని అట్టపెట్టె, లోపలి థర్మాకోల్‌తో సహా, బీరువా మీద పెట్టారు. వెళ్ళేటప్పుడు ప్యాకింగ్‌కి కావాలట.

మా ఇల్లు దుబాయ్‌లోని కరామాలో. ఒక్క బెడ్‌రూమ్, నేను పగలంతా మాట్లాడుకునే కరివేపాకు కుండీ, విమానంలా మోగే కిటికీ ఏసీ. అక్కడ అప్పట్లో పోస్టుమాన్ ఇంటికి వచ్చేవాడు కాదు. ఉత్తరాలన్నీ తాతయ్య ఆఫీసు పోస్టుబాక్సుకే వచ్చేవి. ఎవరినైనా ఇంటికి పిలిస్తే, ఫలానా బేకరీ దగ్గర దిగి ఫోన్ చేయండి అని చెప్పడమే. ఏడాది అద్దెకి ముందే నాలుగు చెక్కులు రాసివ్వాలి. చెక్కు బౌన్స్ అయితే ఆ రోజుల్లో పోలీసు కేసు, అందుకని ఆ నెలల్లో మా ఇంట్లో కొత్త బట్టల ఊసే ఉండేది కాదు.

సెలవు శుక్రవారం. బర్ దుబాయ్‌లో క్రీక్ (ఊరి మధ్యకి వచ్చిన సముద్రపు పాయ) పక్క సందులో గుడికి వెళ్ళి, అక్కణ్ణుంచి అబ్రా ఎక్కి అవతలి ఒడ్డున దేరా వైపు దిగేవాళ్ళం. అబ్రా అంటే ఇంజను పడవ, చుట్టూ కమ్మీ కూడా ఉండదు. మీ అమ్మ జడ నా చేతిలో, మామయ్య చొక్కా కాలరు తాతయ్య చేతిలో. మధ్యాహ్నం భోజనాలయ్యాక పలక ముందేసుకుని తెలుగు. బళ్ళో హిందీ, అరబిక్ ఉన్నాయి కానీ తెలుగు లేదు. మీ అమ్మ 'ఱ' రాయమంటే ఏడ్చేది. ఆదివారం బడి ఉండేది, అందుకే ఇప్పటికీ శనివారం రాత్రి యూనిఫాం ఇస్త్రీ అయిందా అని ఉలిక్కిపడుతుంది. 2022 నుంచి అక్కడా శని, ఆదివారాలే సెలవట.

ఆ వీసాకి ఇంకో తిరకాసు ఉంది. ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే అది చెల్లదు. 1998లో మా అత్తగారికి, అంటే మీ తాతయ్య వాళ్ళమ్మకి పక్షవాతం వస్తే, పిల్లల్ని తీసుకుని తెనాలి వచ్చి ఆవిడకి సేవ చేశాను. ఐదు నెలల ఇరవై రోజులకి మళ్ళీ విమానం ఎక్కాను. పదకొండో రోజున ఆవిడ పోయారు. తాతయ్య ఒక్కరే వచ్చారు.

ఇక అసలు సంగతి. 2008 చివర్లో ప్రపంచమంతా డబ్బుకి కటకట వచ్చి, దుబాయ్‌లో కట్టే బిల్డింగులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తాతయ్య బిల్డింగులకి డ్రాయింగులు గీసే మనిషి. కట్టేవాడు లేకపోతే గీసేవాడెందుకు? 2009 ఫిబ్రవరిలో ఉద్యోగం పోయింది. వీసా రద్దయ్యాక అప్పట్లో ముప్పై రోజులే గడువు. ఆలోపు ఇంకో ఉద్యోగమన్నా దొరకాలి, ఇల్లన్నా ఖాళీ చేయాలి. మీ అమ్మకి మార్చిలో పదో తరగతి పరీక్షలు. మామయ్య అప్పటికే ఇంజనీరింగ్‌కి హైదరాబాద్ వచ్చేశాడు.

ఆ రాత్రి తాతయ్య స్టూలు వేసుకుని టీవీ పెట్టె దింపారు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి హాల్లో పెట్టారు. మర్నాటికి అందులో మీ అమ్మ తన సామాను సర్దేసింది. స్కెచ్ పెన్నులు, స్నేహితురాళ్ళిచ్చిన గ్రీటింగ్ కార్డులు, అబ్రాలో తీసుకున్న ఫోటో, అరిగిపోయిన పలక. నేను చెప్పలేదు, తాతయ్యా చెప్పలేదు. తనే సర్దుకుని, పక్కనే చాప వేసుకుని లెక్కలు చేసుకునేది.

పంతొమ్మిదో రోజున తాతయ్యకి వేరే కంపెనీలో ఉద్యోగం దొరికింది, జీతం మూడో వంతు తక్కువ. ఆ రోజు పాయసం చేశాను. సామాను తీసేసుకోవే అంటే మీ అమ్మ "ఉండనీ అమ్మా, ఎలాగూ వెళ్ళేదేగా" అంది. పెట్టె అలాగే బీరువా మీదికి ఎక్కింది. తర్వాత ఆ టీవీ పాడైంది, మీ అమ్మ చదువుకి ఇండియా వచ్చేసింది, పెళ్ళయింది. 2017లో మేం ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ పెట్టెని అట్లాగే కార్గోలో వేశాం. కిలోకింత అని తీసుకున్నారు. కరివేపాకు కుండీ పక్కింటి మలయాళీ ఆవిడకి ఇచ్చాను, ఈమధ్య ఫోటో పంపింది, చెట్టంత అయింది.

ఇప్పుడు అక్కడ పదేళ్ళ గోల్డెన్ వీసాలు ఇస్తున్నారట. మా రోజుల్లో అవెక్కడివి!

పెట్టె మా అటక మీదే ఉంది, మీ అమ్మ ఇంతవరకూ విప్పలేదు. వేసవి సెలవులకి వచ్చినప్పుడు నిచ్చెన వేసుకుని మీరే దింపండి, నాకు మోకాళ్ళ నొప్పులు. పలక మాత్రం జాగ్రత్త, మూల విరిగి ఉంది.

ఇట్లు,
అమ్మమ్మ