రాత్రి దిగని బీపీ

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, వార్ధా నది ఒడ్డున ఉన్న బల్లార్షాలోనూ చుట్టుపక్కల బొగ్గు గనుల కాలనీల్లోనూ తెలుగు కుటుంబాలు చాలాకాలంగా ఉంటున్నాయి. మరాఠీ మాటను మన వాక్యంలో కలిపేసి "ఈ వారం రాత్రపాళీ" (రాత్రి షిఫ్టు) అని చెప్పుకునే ఈ ఇళ్లలో, పగలు కిటికీకి దుప్పటి అడ్డం కట్టి నిద్రపోయే మనిషీ, గూట్లో బీపీ బిళ్లల డబ్బా కొత్త దృశ్యాలేమీ కావు. ఈ రెండింటినీ కలిపే దారుల్లో ఒకటి మెలటోనిన్ అనే హార్మోను.

మెదడు నడుమ బఠాణీ గింజకన్నా చిన్నదైన పీనియల్ గ్రంథి చీకటి పడ్డాక దీన్ని రక్తంలోకి వదులుతుంది. కంటిమీద వెలుగు, అందులోనూ నీలి వెలుగు పడితే ఆ ఊట తగ్గిపోతుంది. 1958లో దీన్ని పశువుల పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేసిన యేల్ విశ్వవిద్యాలయపు ఆరన్ లెర్నర్ చర్మవైద్యుడు. ఆయన వెతికింది చర్మం రంగును మార్చే పదార్థం కోసం, నిద్ర కోసం కాదు.

ఆరోగ్యవంతులకు నిద్రలో రక్తపోటు పగటికన్నా 10 నుంచి 20 శాతం దిగుతుంది. అంత దిగనివారికి గుండెజబ్బు, పక్షవాతం, మూత్రపిండాల జబ్బుల ముప్పు ఎక్కువ. ఉదయం క్లినిక్‌లో చూసే బీపీలో ఈ తేడా తెలియదు; 24 గంటలూ చేతికి పట్టీ కట్టి కొలిస్తేనే బయటపడుతుంది. పీనియల్ గ్రంథిని తీసేసిన ఎలుకల్లో రక్తపోటు పెరగడం చూశాక, ఈ రాత్రి తగ్గుదలలో మెలటోనిన్‌కు పాత్ర ఉందన్న ఆలోచన బలపడింది.

రక్తనాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసి, నాళపు గోడలోని కండరాన్ని సడలిస్తుంది. సూపర్ ఆక్సైడ్ వంటి చురుకైన ఆక్సిజన్ రూపాలు ఆ వాయువును పాడుచేస్తాయి. మెలటోనిన్ వాటిని అణచి నైట్రిక్ ఆక్సైడ్‌ను కాపాడుతుంది. అయితే కథ ఒకవైపే నడవదు. నాళాల్లో మెలటోనిన్‌ను గుర్తుపట్టే గ్రాహకాలు రెండు రకాలు. జంతువుల ధమనులపై జరిపిన ప్రయోగాల్లో ఒకటి నాళాన్ని బిగిస్తే, రెండోది వదులుచేసింది.

మనుషుల విషయానికొస్తే, 2004లో వెలువడిన పరిశోధనలో, మందులు వాడని 16 మంది అధిక రక్తపోటు పురుషులకు మూడు వారాలు రోజూ రాత్రి 2.5 మిల్లీగ్రాముల మెలటోనిన్ బిళ్ల ఇస్తే, నిద్రలో పై అంకె సుమారు 6, కింది అంకె 4 తగ్గాయి. ఒక్కరోజు వేస్తే ఫలితం లేదు. 2011లో ఏడు పరీక్షలను, 221 మంది వివరాలను కలిపి చూసినప్పుడు, నెమ్మదిగా కరిగే బిళ్లలే రాత్రి బీపీని తగ్గించాయని, త్వరగా కరిగేవి తగ్గించలేదని తేలింది. రక్తంలో మెలటోనిన్ గంటలోపే సగమైపోతుంది కాబట్టి ఇది ఆశ్చర్యమేమీ కాదు. రాత్రంతా ఉండవలసిన సంకేతం మొదటి జాములోనే ఆరిపోతే ఏం లాభం?

ఇతర మందులతో దీని పొత్తును నేను మరింత ముఖ్యంగా భావిస్తాను. గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్ వంటి బీపీ మందులు, అంటే బీటా బ్లాకర్లు, శరీరంలో రాత్రిపూట తయారయ్యే మెలటోనిన్‌ను తగ్గిస్తాయి. రక్తనాళాలను సడలించే నిఫెడిపిన్ అనే బీపీ మందు వాడేవారికి 5 మిల్లీగ్రాముల మెలటోనిన్ కలిపి ఇచ్చిన 2000 నాటి పరీక్షలో, రెండూ కలిస్తే ఇంకా తగ్గుతుందనుకున్న బీపీ తగ్గకపోగా, పై అంకె 6కు పైగా పెరిగింది, గుండె వేగమూ పెరిగింది. మందుల షాపులో మెలటోనిన్‌ను నిద్రమాత్రగా అడిగి కొనుక్కునేవారు తాము ఇప్పటికే ఏ బీపీ బిళ్ల మింగుతున్నారో డాక్టరుకు చెప్పవలసింది ఇందుకే.