"ఎంత తిరిగింది?": ఎక్కువ తిరిగిన కారు అమ్మకంపై అపోహలు - వాస్తవాలు

పాత కార్లు చూసి విలువ కట్టడం నా పని. అంతకుముందు చాలా ఏళ్లు షెడ్డులో పానా పట్టాను. బండి అమ్మడానికి వచ్చేవాళ్లలో ఒక రకం మనుషుల్ని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ప్రతి సర్వీసూ వేళకి చేయించి ఉంటారు. చిన్న చప్పుడు వచ్చినా అదే వారంలో షెడ్డుకి తెచ్చి ఉంటారు. అయినా మీటరు మీద 2,80,000 కనిపిస్తుంటే ఏదో తప్పు చేసినట్టు "కొంచెం ఎక్కువ తిరిగిందండీ" అని గొంతు తగ్గించి చెబుతారు. బేరం మొదలవకముందే సగం ఓడిపోతారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

అపోహ: లక్ష దాటిందంటే బండి పని అయిపోయినట్టే.

ఈ భయం ఊరికే పుట్టలేదు. ఒకప్పటి చాలా కార్ల ఓడోమీటర్లలో ఐదంకెలే ఉండేవి. 99,999 తర్వాత మళ్లీ అన్నీ సున్నాలే. మీటరే ఒక చుట్టు తిరిగి వచ్చిందంటే బండి ఆయుష్షు కూడా తీరిందని జనానికి అనిపించేది. అప్పటి ఇంజిన్ ఆయిళ్లు, లోహాలు, విడిభాగాల తయారీలో కచ్చితత్వం వేరు, ఇప్పటివి వేరు. ఆయిల్ వేళకి మారుస్తూ, ఇంజిన్ ఓవర్‌హీట్ కాకుండా చూసుకుంటే 3 లక్షల కిలోమీటర్లు దాటి నడవడం ఇప్పుడు వింతేమీ కాదు.

ఎంత దూరం వెళ్లొచ్చో తెలియాలంటే రెండు బండ్ల సంగతి చెప్పాలి. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే స్కూలు టీచరు 1966లో కొన్న వోల్వో పి1800ఎస్ 2013 నాటికి 30 లక్షల మైళ్లు, అంటే 48 లక్షల కిలోమీటర్ల పైన తిరిగింది. గ్రీసులో గ్రిగోరియోస్ సాచినిడిస్ అనే టాక్సీ డ్రైవరు 1976 మోడల్ మెర్సిడెస్ 240డిని 46 లక్షల కిలోమీటర్లు నడిపాడు. మధ్యలో ఇంజిన్లు మార్చాల్సి వచ్చింది నిజమే. ఆ బండిని 2004లో మెర్సిడెస్ మ్యూజియంకి ఇచ్చారు. అందరి బండ్లూ అలా తిరుగుతాయని కాదు నేననేది. మీటరు మీది అంకె ఒక్కటే బండి చావుబతుకుల్ని తేల్చదు.

అసలు అడగాల్సింది ఎలా తిరిగింది అని. ఇంజిన్ అరుగుదలలో పెద్ద వాటా చల్లగా స్టార్టయ్యే క్షణాలది. అప్పటికి ఆయిల్ అన్ని చోట్లకీ చేరదు, ఇంజిన్‌లోకి పెట్రోలు కూడా ఎక్కువ పోతుంది. రోజుకి రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. పెట్రోలు ఆవిరి, నీటి తేమ అందులోనే ఉండిపోయి ఆయిల్‌ని పాడుచేస్తాయి. సైలెన్సరులో నీరు నిలిచి లోపలినుంచి తుప్పు పడుతుంది. డీజిల్ బండయితే పొగ ఫిల్టరు మసితో మూసుకుపోతుంది. అదే హైవే మీద ఒక్క స్టార్టుతో 200 కిలోమీటర్లు నడిచిన బండికి గేర్లు, క్లచ్, బ్రేకుల పని ఎంతో తక్కువ. అందుకే ఆరేళ్లలో 2,50,000 హైవే కిలోమీటర్లు తిరిగిన బండిని, పదిహేనేళ్లలో 40,000 మాత్రమే తిరిగి గ్యారేజీలో మూలిగిన బండిని పక్కపక్కన పెడితే నేను చాలాసార్లు మొదటిదానికే మొగ్గుతాను. రెండోదానిలో టైర్లు, హోసులు, బుష్‌లు, సీళ్లు వయసు మీద పడి గట్టిబడిపోయి ఉంటాయి. రబ్బరుకి కిలోమీటర్ల లెక్క తెలియదు, ఏళ్లే తెలుసు.

అయినా జనం అంకెనే చూస్తారు, అదీ నిజమే. నికోలా లాసెటెరా, డెవిన్ పోప్, జస్టిన్ సిడ్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో 2 కోట్ల 20 లక్షలకు పైగా పాత కార్ల టోకు అమ్మకాలు పరిశీలించి 2012లో ఒక పరిశోధన వెలువరించారు. ప్రతి 10,000 మైళ్ల గీత దగ్గరా ధర ఒక్కసారిగా మెట్టు దిగుతోందని తేలింది. 79,900 మైళ్ల బండికీ 80,000 మైళ్ల బండికీ ఇంజిన్‌లో తేడా ఏముంటుంది? ఎడమవైపు అంకె మారింది, అంతే. అమ్మాలని నిశ్చయించుకుని ఉంటే మాత్రం ఆ గుండ్రటి అంకె దాటకముందే బండి చూపించండి.

అపోహ: బాగా చూసుకున్న బండి కదా, ఎక్స్ఛేంజ్‌లో కూడా మంచి రేటు కడతారు.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఎక్స్ఛేంజ్‌లో డీలరు లెక్క వెనకనుంచి మొదలవుతుంది. ఈ బండిని తను ఎంతకి అమ్మగలడో ముందు అనుకుంటాడు. అందులోంచి రిపేర్లు, పాలిష్, అమ్ముడుపోయేదాకా నిలబెట్టుకునే ఖర్చు, వారంటీ ఇస్తే ఆ రిస్కు, తన లాభం తీసేస్తాడు. మిగిలింది మీకు చెబుతాడు. ఇందులో మోసమేమీ లేదు, వ్యాపారం అలాగే నడుస్తుంది. బాగా ఎక్కువ తిరిగిన బండిని చాలా షోరూములు తమ ముందు నిలబెట్టుకోవు కూడా. నేరుగా వేలానికో, టోకున కొనేవాళ్లకో పంపేస్తాయి. అక్కడ బండి పక్కన ఉండేవి మోడల్, సంవత్సరం, కిలోమీటర్లు, పైపై కండిషన్ రిపోర్టు. పదేళ్లుగా మీరు దాచిన బిల్లుల ఫైలుని అక్కడ తెరిచి చూసేంత తీరిక ఎవరికీ ఉండదు.

దీని మూలం జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లోనే చెప్పాడు. ఆయన ఉదాహరణగా తీసుకుంది పాత కార్ల బజారునే. బండి లోపల ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియనప్పుడు కొనేవాడు సగటు బండి ధరే ఇస్తాడు. దాంతో మంచి బండి ఉన్నవాడు నష్టపోయి తప్పుకుంటాడు, బజారులో నాసిరకమే మిగులుతుంది. సమాచారంలో ఈ హెచ్చుతగ్గుల మీద చేసిన పనికే 2001లో మరో ఇద్దరితో కలిపి ఆయనకి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

మీ బండి విషయంలో దీని అర్థం చాలా సూటిగా ఉంటుంది. మీరు పెట్టిన శ్రద్ధకి విలువ కట్టేది దాన్ని కూర్చుని చూసే మనిషి ఒక్కడే. అంటే బండిని తనే వాడుకోవడానికి కొనేవాడు. నేరుగా అలాంటివాడికి అమ్మితే బిల్లుల ఫైలుకి డబ్బు వస్తుంది. ఎక్స్ఛేంజ్‌లో దాదాపు రాదు.

అలాగని ఎక్స్ఛేంజ్ ఎప్పుడూ చెడ్డదని అనను. పదిమంది వచ్చి చూసి వెళ్లే ఓపిక లేకపోయినా, బండిలో పెద్ద ఖర్చు ఎదురుచూస్తున్నా, కొత్త బండి వెంటనే కావాల్సివచ్చినా అది మంచి దారే. అప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. కొత్త బండి ధర ముందు విడిగా తేల్చుకోండి. పాత బండి మాట ఆ తర్వాత ఎత్తండి. రెండూ కలిపి మాట్లాడితే పాతదానికి పెంచినట్టు చూపించి కొత్తదానిలో డిస్కౌంటు తగ్గించడం చాలా తేలిక. చివరికి మీ చేతినుంచి పోయే తేడా ఎంతో, అదొక్కటే చూసుకోండి. డీలరు దగ్గరికి వెళ్లేముందు పాత బండికి కనీసం మూడు చోట్ల రేటు అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

అపోహ: సర్వీసు పుస్తకంలో ముద్రలు ఉంటే చాలు.

ముద్ర బండి వచ్చిందని మాత్రమే చెబుతుంది. ఏం చేశారో చెప్పేది బిల్లు. తేదీ, మీటరు రీడింగు, వాడిన ఆయిల్ గ్రేడు, మార్చిన భాగం పేరు ఉన్న బిల్లు వంద ముద్రల పెట్టు. బిల్లులన్నీ తేదీల వరసలో పెట్టండి. పైన ఒకే కాగితం మీద ముఖ్యమైనవి రాయండి: టైమింగ్ బెల్టు (ఇంజిన్‌లో వాల్వుల కదలికని పిస్టన్లతో కలిపి నడిపే పట్టీ) ఏ రీడింగు దగ్గర మార్చారు, గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు, కూలెంట్ ఎప్పుడు, బ్రేకు ఆయిల్ ఎప్పుడు, క్లచ్, షాకబ్జార్బర్లు, బ్యాటరీ ఎప్పుడు.

ఒకసారి ఒకాయన చిన్న నోటుబుక్ ఇచ్చాడు. ట్యాంకు నింపిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, రీడింగు రాసి ఉన్నాయి. బండి 3,10,000 తిరిగింది. మొదటి పేజీలో మైలేజీ ఎంతో చివరి పేజీలోనూ దాదాపు అంతే. ఇంజిన్ ఆరోగ్యం గురించి అంత నిజాయితీ అయిన సాక్ష్యం నేను మళ్లీ చూడలేదు. కొనడానికి వచ్చినాయన ఆ పుస్తకం తిరగేస్తూ బేరమాడటం మానేశాడు.

అపోహ: అమ్మేముందు అన్నీ కొత్తవి వేయిస్తే ఆ డబ్బంతా తిరిగి వస్తుంది.

రాదు. పెద్ద రిపేరుకి పెట్టిన ఖర్చులో కొంత వస్తే గొప్ప. చిన్నవి మాత్రం తప్పకుండా చేయించండి: వెలగని బల్బు, చెడిన వైపర్, పనిచేయని పవర్ విండో. ఇవి కనిపిస్తే "కనబడేదే ఇలా ఉంటే కనబడనిది ఎలా ఉంటుందో" అనే అనుమానం పుడుతుంది. ఆ అనుమానానికి కోసే ధర బల్బు ఖరీదు కంటే చాలా ఎక్కువ.

ఇక్కడ టైమింగ్ బెల్టు సంగతి వేరు. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులకి తగిలి ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. కంపెనీ చెప్పిన గడువు దగ్గరపడి ఉంటే మార్పించి బిల్లు చూపించండి, లేదా గడువు వచ్చిందని చెప్పి ఆ మేరకు ధర తగ్గించండి. మాట దాటేయడం మాత్రం కొనేవాడి పట్ల అన్యాయం.

అపోహ: ఇంజిన్ కడిగి మెరిపిస్తే మంచి రేటు.

లోపలా బయటా శుభ్రంగా ఉండాలి, నిజమే. కానీ ఇంజిన్‌ని నిన్ననే ప్రెషర్ వాటర్‌తో కడిగినట్టు కనిపిస్తే నాలాంటివాడు ఏ లీకేజీని దాస్తున్నారా అని చూస్తాడు. బండి చూడటానికి మనిషి వచ్చేసరికి ఇంజిన్ వేడిగా ఉన్నా అంతే. చల్లటి స్టార్టులోనే అసలు సంగతులు బయటపడతాయి: నీలిరంగు పొగయితే ఆయిల్ మండుతోంది, ఎంతకీ ఆగని తెల్లపొగయితే కూలెంట్ లోపలికి దిగుతోందేమో చూడాలి. మీ బండి మంచిదైతే ఇంజిన్ చల్లగానే ఉంచి, కొనేవాణ్ణే తాళం తిప్పమనండి.

అపోహ: మీటరు కాస్త వెనక్కి తిప్పినా, లోపాలు చెప్పకపోయినా ఎవరికీ తెలియదు.

మీటరు తిప్పడం మోసం, చాలా దేశాల్లో నేరం కూడా. అది అలా ఉంచితే, దొరికిపోయే దారులు చాలా ఉన్నాయి. ఎన్నో మోడళ్లలో కిలోమీటర్ల లెక్క డాష్‌బోర్డులోనే కాక వేరే కంట్రోల్ యూనిట్లలో కూడా నమోదవుతుంది. పాత సర్వీసు రికార్డులు, తనిఖీ పత్రాలు ఉంటాయి. అరిగిన పెడల్ రబ్బరు, నున్నబడిన స్టీరింగు, నలిగిన డ్రైవరు సీటు అంచు అబద్ధం చెప్పవు. వార్నింగ్ లైటు ఆర్పడానికి ఫాల్ట్ కోడ్లు (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల గుర్తులు) చెరిపేసినా స్కానర్ పెడితే అవి ఈమధ్యే చెరిపారని చాలావరకు తెలిసిపోతుంది.

లోపాలు ముందే చెబితే కొనేవాడు పారిపోతాడని భయపడతారు. నా అనుభవంలో జరిగేది వేరు. "ఏసీ కంప్రెసర్ చప్పుడు చేస్తోంది, వెనక బంపరుకి పెయింటు వేయించాను" అని మీరే చెబితే మీ మిగతా మాటలకి బరువు పెరుగుతుంది. అదే సంగతి అతని మెకానిక్ చెబితే మీరు చెప్పిన నిజాలు కూడా అబద్ధాల్లా వినిపిస్తాయి. ఎక్కువ తిరిగిన బండయితే, కొనేవాడు అడగకముందే అతని మెకానిక్‌తో తనిఖీ చేయించుకోమని మీరే చెప్పండి. కంప్రెషన్ టెస్టు (సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూసే పరీక్ష) కొలతలు చేతిలో ఉంటే 2,80,000 అనే అంకెకి జడవాల్సిన పనిలేదు.

అపోహ: ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు.

గేర్‌బాక్సులు తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటోంది. ఈ ఒక్క బిల్లు ఉంటే ఎక్కువ తిరిగిన ఆటోమేటిక్ బండి మీద కొనేవాడికి ఉండే పెద్ద భయం పోతుంది.

అపోహ: ఇప్పుడే అమ్మకపోతే విలువంతా పోతుంది.

కారు విలువ దభాలున పడేది మొదటి కొన్నేళ్లలో. 2,50,000 తిరిగిన పాత బండి ఆ పల్లం ఎప్పుడో దిగేసింది. ఇంకో ఏడాది నడిపితే పోయేది చాలా తక్కువ. తుప్పు లేకుండా, పెద్ద ఖర్చేదీ ఎదురుగా లేకుండా బండి బాగుంటే దాన్ని ఉంచుకోవడమే లాభమని ఎంతోమందికి చెప్పి వెనక్కి పంపాను. పోయే విలువని, ఏడాది రిపేర్లని కూడి, కొత్త బండి ఆ ఏడాదిలో పోగొట్టే విలువతోనూ దాని అప్పు వడ్డీతోనూ పోల్చి చూడండి. రిపేర్ల ఖర్చు ఏటేటా పెరుగుతూ ఆ లెక్క తలకిందులైన ఏడాది అమ్మండి.

అమ్మిన రోజు బిల్లుల ఫైలు, రెండో తాళం చెవి, జాకీ, మాన్యువల్ అన్నీ ఇచ్చేయండి. తేదీ, సమయం, మీటరు రీడింగు రాసి ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. రిజిస్ట్రేషన్ కొత్త యజమాని పేరుకి మారిందని రుజువు చేతికొచ్చేదాకా ఆ కాగితం జాగ్రత్త.