లేక్ వ్యూకి గజానికి ఎంత? శివారు ఇళ్లపై ఒక వాల్యుయర్ రాసిన అపోహలు - వాస్తవాలు

హోమ్ లోన్ ఇచ్చే ముందు బ్యాంకు ఒక మనిషిని పంపి ఇంటికి విలువ కట్టిస్తుంది. ఆ పని చేసేవాళ్లలో నేనొకణ్ణి. హైదరాబాద్ శివార్లలో, అంటే అమీన్‌పూర్, శామీర్‌పేట, ఘట్‌కేసర్, శంషాబాద్ వైపు ఎక్కువగా తిరుగుతుంటాను. కొనేవాళ్ల చేతిలో బ్రోచర్ ఉంటుంది, నా చేతిలో టేపు, ప్లాన్ కాపీ ఉంటాయి. బ్రోచర్ మొదటి పేజీ నిండా చెరువు, గుడి, మెట్రో, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు). నా రిపోర్టులో ఆ నాలుగింటికీ కలిపి ఒకటే కాలమ్: సమీపంలోని సౌకర్యాలు. అక్కడ రెండు ముక్కలు రాస్తే సరిపోతుంది. మిగతా పేజీలన్నీ హద్దులు, అనుమతులు, దారి, కట్టడం వయసు గురించే. ఈ రెండు కాగితాల మధ్య ఎంత దూరం ఉందో కొనేవాళ్లకు చాలాసార్లు అడ్వాన్స్ ఇచ్చాకే తెలుస్తుంది.

అపోహ: చెరువు కనిపించే ఇంటికి ధర ఎప్పటికీ తగ్గదు.

వాస్తవం: చెరువు ఎంత దగ్గరగా కనిపిస్తే నాకు అంత అనుమానం. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. దాని లోపల ఏ కట్టడమూ కుదరదు. గీత బయట కూడా కొంత మేర బఫర్, అంటే ఖాళీ జాగా వదలాలి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల (జీవో 168) ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. నాలాలకూ లెక్క ఉంది: 10 మీటర్ల కంటే వెడల్పు ఉంటే 9 మీటర్లు, తక్కువైతే 2 మీటర్లు. నాలా సంగతి ఎవరూ అడగరు. ఎండాకాలంలో అది మట్టి కాలువలా కూడా కనిపించదు, పైన నాలుగు స్లాబులు వేసి పార్కింగ్ చేసేసి ఉంటారు.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టేది శిఖం పట్టా. ఎఫ్‌టీఎల్ లోపల ప్రైవేటు పట్టా భూములు ఉండొచ్చు. నీళ్లు తగ్గినప్పుడు రైతు అక్కడ పంట వేసుకోవచ్చు. ఆ పట్టా నిజమైనదే, పాస్‌బుక్ కూడా నిజమైనదే, ఇల్లు కట్టే హక్కు మాత్రం లేదు. "పట్టా భూమి సార్, గవర్నమెంట్‌ది కాదు" అని ఏజెంట్ చెప్పింది అబద్ధం కాదు. మీకు కావాల్సిన జవాబు మాత్రం అది కాదు. 2024 జులైలో చెరువుల, ప్రభుత్వ భూముల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడ్డాక చెరువుల్లో, బఫర్లలో కట్టినవి కూల్చిన వార్తలు అందరూ చూశారు. వాటిలో కొన్నవాళ్ల చేతిలో రిజిస్టర్డ్ డాక్యుమెంట్లు ఉన్న ఇళ్లూ ఉన్నాయి.

అమీన్‌పూర్ పెద్ద చెరువునే తీసుకోండి. 2016లో దానికి జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. మన దేశంలో నగర ప్రాంతపు చెరువుల్లో ఆ గుర్తింపు దక్కిన మొదటిది ఇదే. చలికాలంలో వలస పక్షుల కోసం కెమెరాలు పట్టుకుని జనం వస్తారు. చుట్టుపక్కల వెంచర్లన్నీ ఈ మాటను గొప్పగా ప్రచారం చేసుకుంటాయి. కానీ గుర్తింపు వచ్చిందంటే ఆ నీటి చుట్టూ నిఘా పెరిగిందని కూడా అర్థం. ఒడ్డుకు ఆనుకుని ఉన్న ప్లాటుకు అది వరం కాదు. చెరువుకు అర కిలోమీటరు ఇవతల, లేఅవుట్ అనుమతి ఉన్న ప్లాటుకు మాత్రం వరమే. పొద్దున్నే నడిచి వెళ్లి పక్షుల్ని చూసి రావచ్చు, రాత్రి టెన్షన్ లేకుండా పడుకోవచ్చు.

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఉంటాయి. మ్యాపు కింద ప్రాథమిక నోటిఫికేషన్ అని ఉందా, తుది నోటిఫికేషన్ అని ఉందా చూడండి. ప్రాథమికం అయితే గీత ఇంకా మారే అవకాశం ఉంది. వానలు బాగా పడిన వారం సైట్‌కి వెళ్లడం ఇంకా మంచిది. 2020 అక్టోబర్ వరదల్లో నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ కాలనీల్లోకి వచ్చాయి. ఆ వారం ఎక్కడెక్కడ పడవలు తిరిగాయో పాత కిరాణా కొట్టువాళ్లను అడిగితే ఏ మ్యాపూ చెప్పనంత వివరంగా చెప్తారు.

అపోహ: చెరువు పక్కన బోరు ఎండదు.

వాస్తవం: హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. నీళ్లు పైనున్న మెత్తబడిన పొరలో, కింద రాతి పగుళ్లలో మాత్రమే ఉంటాయి. పగులు తగిలితే నీళ్లు, లేకపోతే దుమ్ము. పక్కింటి బోరు పోస్తుంటే మీ బోరు ఎండడం మామూలే. పైగా పటాన్‌చెరు, బొల్లారం వైపు పరిశ్రమల కాలుష్యం దశాబ్దాలుగా భూగర్భ జలాల్లో ఉంది. అక్కడ నీళ్లు పడ్డాయన్నది సగం వార్తే, పరీక్ష చేయించాకే మిగతా సగం. నేనైతే బోరు కంటే ముందు జలమండలి పైపు వీధిలోకి వచ్చిందా అని చూస్తాను. లేకపోతే ఏప్రిల్, మే నెలల్లో ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయని అడుగుతాను.

అపోహ: జీవో 111 ఎత్తేశారు, గండిపేట వైపు ఇక కట్టుకోవడమే.

వాస్తవం: 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడడానికి 1996లో ఆ జీవో వచ్చింది. 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో 69 వచ్చింది నిజమే, కానీ అది కూడా జలాశయాల నీళ్లు పాడవకూడదన్న షరతుతోనే వచ్చింది. మీరు కొనే సర్వే నంబరు మీద, మీరు కట్టబోయే అంతస్తులకు అనుమతి కాగితం చేతికొచ్చిందా లేదా? నేను అడిగేది అదొక్కటే. "వచ్చేస్తుంది" అన్న మాటకు నా రిపోర్టులో కాలమ్ లేదు.

అపోహ: రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోన్ కూడా ఇచ్చింది, ఇక టైటిల్ క్లియర్.

వాస్తవం: సబ్ రిజిస్ట్రార్ రిజిస్టర్ చేసేది డాక్యుమెంట్‌ని. అమ్మినవాడికి అమ్మే హక్కు ఉందో లేదో తేల్చడం ఆయన పని కాదు. నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేకపోతే, స్టాంపు డ్యూటీ కడితే పని అయిపోతుంది. బ్యాంకు విషయానికొస్తే, లాయరు మీరిచ్చిన లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు), ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా) చూసి అభిప్రాయం రాస్తాడు. నేను కట్టడం, హద్దులు, ప్లాన్ చూసి రాస్తాను. ఇదంతా బ్యాంకు తన అప్పు కోసం చేసుకునే జాగ్రత్త. రేపు ఇల్లు పోయినా ఈఎంఐ ఆగదు. "ఫలానా ఫలానా బ్యాంకులు అప్రూవ్ చేసిన ప్రాజెక్టు" అని హోర్డింగ్ మీద ఉంటే మీ సొంత లాయరు ఫీజు మిగిలిందనుకోకండి. ఇల్లు కొనే ఖర్చులో అన్నిటికంటే చవకైన ఖర్చు అదే.

అపోహ: మెట్రో వస్తోంది కాబట్టి ఇప్పుడే కొనాలి.

వాస్తవం: 2022 డిసెంబర్‌లో రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు ఎయిర్‌పోర్ట్ మెట్రోకి శంకుస్థాపన జరిగింది. ఆ దారి పొడవునా ప్లాట్ల రేట్లు మర్నాటికే మారిపోయాయి. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ అలైన్‌మెంట్ పక్కకు పోయి వేరే రూటు ముందుకొచ్చింది. తప్పు ఎవరిదన్నది నా సబ్జెక్టు కాదు. రాని స్టేషన్‌కి డబ్బు కట్టినవాళ్లు ఉన్నారు, అంతే. పిల్లర్లు లేచాక కొంటే గజానికి కొంత ఎక్కువ పెట్టాలి, ఒప్పుకుంటాను. ఆ ఎక్కువే మీరు అనిశ్చితి పోగొట్టుకోవడానికి కట్టే ధర. ఇల్లు ఉండడానికి కొనేవాళ్లకు అది న్యాయమైన ధరే అని నా అభిప్రాయం. పెట్టుబడికి కొనేవాళ్ల లెక్క వేరు, వాళ్లు ఎదురుచూడగలరు.

అపోహ: ఓఆర్ఆర్ పక్కనే, ఎక్కడికైనా అరగంట.

వాస్తవం: 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్‌కి కంచె ఉంటుంది. మీ బాల్కనీలోంచి లారీలు కనిపించినా, ఎక్కాలంటే ఇంటర్‌చేంజ్ దాకా సర్వీసు రోడ్డులో పోవాల్సిందే. టూ వీలర్లను, ఆటోలను ప్రధాన రోడ్డు ఎక్కనివ్వరు. అంటే బైక్ మీద ఆఫీసుకు వెళ్లే కుర్రాడికి, స్కూటీ మీద బడికి దిగబెట్టే అమ్మకి ఆ రోడ్డు ఉన్నా లేనట్టే. కారున్నవాళ్లకు టోల్ ఉంది. సైట్ విజిట్ ఎప్పుడూ ఆదివారం పొద్దున పెడతారు, ఎందుకో ఊహించగలరు. సోమవారం సాయంత్రం ఆరు గంటలకు మీ ఆఫీసు నుంచి ఆ సైట్‌కి మీ బండి మీదే వెళ్లి చూడండి.

అపోహ: దగ్గర్లో పేరున్న గుడో పర్యాటక స్థలమో ఉంటే అద్దెలు బాగా వస్తాయి.

వాస్తవం: చిలుకూరు బాలాజీ దర్శనానికి వచ్చేవాళ్లు ప్రదక్షిణలు చేసి ఇంటికెళ్లిపోతారు. రామోజీ ఫిల్మ్ సిటీ చూడటానికి వచ్చినవాళ్లూ అంతే. అద్దెకుండేవాళ్లను తెచ్చేవి ఆఫీసు, కాలేజీ, ఆసుపత్రి, బస్సు. శివరాత్రికి కీసరగుట్ట రోడ్డు మీద చిక్కుకుంటే, జాతరకు దగ్గరగా ఉండడం అంటే ఏమిటో అర్థమవుతుంది. ఏడాదికొకసారి కాబట్టి అది ముచ్చటే. ప్రతి వారాంతం కార్లు మీ గేటు ముందు ఆగే చోట ముచ్చట త్వరగా తీరిపోతుంది. ఎలాగూ ఇక్కడ ఇంటి అద్దె ఏడాదికి దాని విలువలో మూడు శాతం అటూ ఇటూగానే వస్తుంది, అద్దెతో ఈఎంఐ కట్టేద్దామన్న లెక్క ఎక్కడా కుదరదు.

నన్నడిగితే, విలువ నిలబెట్టేది రోజూ వాడుకునే చిన్న పార్కు. అనుమతి ఉన్న లేఅవుట్‌లో పార్కు కింద వదిలిన జాగాను స్థానిక సంస్థ పేరిట గిఫ్ట్ డీడ్ చేస్తారు. ఆ డీడ్ కాపీ అడగండి. అది లేకపోతే పదేళ్ల తర్వాత ఆ పార్కులో ఇంకో బ్లాకు లేవొచ్చు.

అపోహ: నలభై అంతస్తులు, పెద్ద క్లబ్‌హౌస్, కాబట్టి మంచి పెట్టుబడి.

వాస్తవం: కట్టడం పాతబడుతుంది, భూమి పాతబడదు. కాంక్రీటు భవనానికి సాధారణంగా 60 ఏళ్ల ఆయుష్షు లెక్కేసి ఏటా కొంత తరుగు తీస్తాం. ఫ్లాటు విలువను దీర్ఘకాలం మోసేది మీ పేరిట వచ్చే భూమి వాటా, అదే యూడీఎస్. 2006లో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు పోయింది. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు (చుట్టూ వదిలే ఖాళీ) సరిపోతే ఎత్తుకు ఎత్తు లేపొచ్చు. అందుకే అదే ఎకరంలో ఎక్కువ ఫ్లాట్లు, ఒక్కొక్కరికి తక్కువ గజాలు. సేల్ డీడ్‌లో ఆ గజాలు ఎన్నో చూడండి. కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల మీరు వాడుకునే జాగా ఎంతో కూడా చూడండి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ప్రకారం అమ్మేది దాని లెక్కనే. లిఫ్టు లాబీ, క్లబ్‌హౌస్ కలిపి చెప్పే సూపర్ బిల్టప్ అంకెలో మీ సోఫా పట్టదు.

అపోహ: ప్రీ లాంచ్‌లో కొంటే సగం ధరకే.

వాస్తవం: రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే చట్టవిరుద్ధం, అమ్మడం సంగతి సరేసరి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా 10 శాతం మించి తీసుకోకూడదు. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

అపోహ: ఇంటి రేటు 80 లక్షలు, 80 శాతం లోన్ వస్తుంది, 16 లక్షలు చేతిలో ఉంటే చాలు.

వాస్తవం: బ్యాంకు లెక్క మీరు ఒప్పుకున్న ధర మీద కాదు. అగ్రిమెంట్ ధర, మా వాల్యుయేషన్, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాని మీద. నేను 72 లక్షలు రాశాననుకోండి. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోన్‌కి ఆర్‌బీఐ పరిమితి 80 శాతం, అంటే 57 లక్షల 60 వేలు. మీరు వేసుకోవాల్సింది 22 లక్షల 40 వేలు. రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలో మొత్తం 7.5 శాతం. 80 లక్షలకు డీడ్ రాస్తే 6 లక్షలు, దానికి లోన్‌లో చోటు లేదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే జీఎస్టీ 5 శాతం వేరే. ఓసీ (నివాస అనుమతి పత్రం) వచ్చాక కొంటే అది లేదు. 16 అనుకున్నది 28 దాటింది, ఇంకా ఒక్క ఫ్యాను కూడా బిగించలేదు.

ఆ తేడా వచ్చిన రోజు అందరూ నాకే ఫోన్ చేసి కొంచెం పెంచమంటారు. లేక్ వ్యూ ఉందని గుర్తుచేస్తారు. పెంచడం కుదరదు. టోకెన్ ఇచ్చేటప్పుడే అగ్రిమెంట్‌లో "లోన్ ఇంతకు తగ్గితే అడ్వాన్స్ వాపసు" అని ఒక లైను రాయించుకోవడం మాత్రం కుదురుతుంది. అమ్మేవాళ్లు కొందరు ముఖం చిట్లిస్తారు, అయినా రాసిస్తారు. ససేమిరా అన్నవాళ్లు దొరికితే, అంతకుముందు ఆ ఇంటికి ఎవరైనా లోన్‌కి వెళ్లి వచ్చారేమో అడిగి చూడండి.